నుదుటి గీతలకు బొటాక్స్: ముందు, ఆ రోజు, ఆ తర్వాత

అద్దం ముందు నిలబడి ముఖం మామూలుగా పెట్టి ఒకసారి చూసుకోండి. తర్వాత కోపం వచ్చినట్టు కనుబొమ్మలు దగ్గరికి ముడవండి, ఆశ్చర్యపోయినట్టు పైకెత్తండి, కళ్లు చికిలించి గట్టిగా నవ్వండి. ముఖం కదిలినప్పుడు పడి, వదలగానే మాయమయ్యే గీతల మీద బొటాక్స్ చక్కగా పనిచేస్తుంది. కదలకుండా ఉన్నా కనిపించే గీతలు కొంత మెత్తబడతాయి, పూర్తిగా పోవు. ముక్కు పక్క నుంచి నోటి దాకా దిగిన మడతలు, జారిన బుగ్గలు, కళ్ల కింద గుంటలు, నలుపు, మంగు మచ్చలు అసలు దీని పరిధిలోవే కావు. వాటిలో కొన్నిటికి ఫిల్లర్లు (చర్మం కింద నింపే జెల్ ఇంజెక్షన్లు), కొన్నిటికి లేజర్, కొన్నిటికి రోజూ సన్‌స్క్రీన్ రాసుకోవడమే దారి. బొటాక్స్ చేయించుకుని నిరాశపడేవాళ్లలో చాలామంది ఈ అద్దం పరీక్ష దగ్గరే పొరపడినవాళ్లు.

బొటాక్స్ అనేది ఒక బ్రాండ్ పేరే అయినా వాడుకలో ఈ రకం ఇంజెక్షన్లన్నిటికీ అదే పేరు స్థిరపడిపోయింది. లోపల ఉండే మందు బొటులినమ్ టాక్సిన్ టైప్ ఎ. డిస్‌పోర్ట్, జియోమిన్ కూడా ఈ కోవలోవే. నరం నుంచి కండరానికి 'ముడుచుకో' అన్న కబురు అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ద్వారా వెళ్తుంది. ఈ టాక్సిన్ నరం కొనలోకి దూరి, ఆ రసాయనాన్ని బయటికి వదిలే ప్రోటీన్‌ను కత్తిరించేస్తుంది. కబురు అందక కండరం విశ్రాంతిలో ఉంటుంది, పైనున్న చర్మం మడత పడదు. మూడు నాలుగు నెలల్లో నరం తేరుకుని మళ్లీ పని మొదలుపెడుతుంది. చర్మం మొద్దుబారడం ఉండదు; స్పర్శ, నొప్పి తెలిపే నరాల జోలికి ఈ డోసు పోదు.

విషాన్ని మందుగా మార్చిన కథ మెల్లకన్నుతో మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కో కంటి వైద్యుడు అలన్ స్కాట్ దీన్ని మెల్లకన్ను సరిచేయడానికి వాడారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1989లో కంటి జబ్బులకు అనుమతించింది. కెనడాలోని వాంకూవర్‌లో కంటి వైద్యురాలు జీన్ కరుథర్స్, చర్మవైద్యుడైన ఆమె భర్త అలస్టెయిర్ కలిసి కనుబొమ్మల మధ్య గీతల మీద దీని ప్రభావాన్ని 1992లో ప్రచురించారు. ఆ గీతలకు ఎఫ్‌డీఏ అనుమతి 2002లో, కంటి చివర ముడతలకు 2013లో, నుదుటి అడ్డగీతలకు 2017లో వచ్చింది.

ఎక్కడ ఎంత వేస్తారు

ఇక్కడ చెప్పే అంకెలు బొటాక్స్ బ్రాండ్ యూనిట్లలో (యూనిట్ అంటే మందు బలాన్ని కొలిచే కొలత), లేబుల్ మీద ఉన్న ప్రామాణిక డోసులు. మీ డాక్టర్ మీ కండరాన్ని బట్టి కాస్త అటూ ఇటూ మార్చవచ్చు. మగవాళ్ల కండరాలు దళసరిగా ఉంటాయి కాబట్టి వాళ్లకు సాధారణంగా ఎక్కువ పడుతుంది.

కనుబొమ్మల మధ్య, అంటే బొట్టు పెట్టుకునే చోటు చుట్టూ, 5 పోట్లలో మొత్తం 20 యూనిట్లు. మధ్యలో ఒకటి, అటు రెండు ఇటు రెండు, ఒక్కోటి 4 యూనిట్లు. ఫలితం అన్నిటికంటే నమ్మకంగా వచ్చేది ఇక్కడే. మొదటిసారి వెళ్లేవాళ్లు దీనితోనే మొదలుపెట్టి, మిగతావి తర్వాత ఆలోచించుకోవడం మంచిది.

కంటి చివర ముడతలకు ఒక్కో వైపు 3 పోట్లు, 12 యూనిట్లు. రెండు వైపులా కలిపి 24. సూది కంటి గుంత ఎముకకు బయటే ఉండాలి. మరీ కిందికి, బుగ్గ వైపు వెళ్తే నవ్వును పైకి లాగే కండరానికి మందు తగిలి, నవ్వు ఒక పక్కకు జారినట్టు అవుతుంది.

నుదుటి అడ్డగీతల దగ్గర మాత్రం జాగ్రత్త. కనుబొమ్మను కిందికి లాగే కండరాలు చాలా ఉన్నాయి. పైకి ఎత్తేది ఒక్కటే, నుదుటి మీద పరచుకున్న ఫ్రాంటాలిస్. అడ్డగీతలు పడేది దాని వల్లే, మనం నిద్రపుచ్చేదీ దాన్నే. అతిగా నిద్రపుచ్చితే కనుబొమ్మలు దిగి కళ్ల మీద బరువు పడుతుంది. అందుకే లేబుల్ ప్రకారం నుదుటికి 5 చోట్ల 20 యూనిట్లు వేస్తే, దానితో పాటు కనుబొమ్మల మధ్య కూడా 20 వేయాలి. కిందికి లాగేవాటిని బలహీనపరచకుండా పైకెత్తేదాన్ని ఒక్కదాన్నే ఆపకూడదన్నది దీని వెనక లెక్క. ఆచరణలో చాలామంది డాక్టర్లు నుదుటికి 20 కన్నా తక్కువే వేసి, పోట్లు కనుబొమ్మలకు బాగా పైనే ఉంచుతారు. కనుబొమ్మకు ఆనుకుని ఉన్న ఆఖరి గీతను వదిలేస్తారు. 'ఆ ఒక్కటి కూడా తీసేయండి' అని పట్టుబట్టకండి. ఆ గీత పోయేది కనుబొమ్మ స్థానాన్ని పణంగా పెట్టి.

ఇంకో సంగతి. వయసుతో పైరెప్ప చర్మం వదులై కంటి మీదికి జారినవాళ్లు తెలియకుండానే రోజంతా నుదురు ఎత్తి పట్టుకుని చూస్తుంటారు. వాళ్ల నుదుటి గీతలు ఆ శ్రమ గుర్తులు. కళ్లు మూసుకుని నుదురు వదిలేసి, కనుబొమ్మను వేలితో అక్కడే ఆపి నెమ్మదిగా కళ్లు తెరవండి. చూపుకు రెప్ప అడ్డొస్తున్నట్టు అనిపిస్తే నుదుటికి బొటాక్స్ మీకు నప్పకపోవచ్చు. ముందు కంటి వైద్యుల దగ్గర రెప్ప చూపించుకోండి.

దవడ కండరం లావు తగ్గించడం, మెడ నరాల్లా తేలే పట్టీలు, చంకల్లో అతి చెమట లాంటి వాడుకలూ ఉన్నాయి. చంక చెమటకు ఒక్కో వైపు 50 యూనిట్లు పడుతుంది. వాటి లెక్కలు, జాగ్రత్తలు వేరు.

సీసా, ధర, డాక్టర్

మందు సీసాలో పొడిగా వస్తుంది. పొడి అంటే అడుగున కనీకనిపించని పల్చటి పొర. చూస్తే ఖాళీ సీసాలా ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. సీసా లోపల గాలి ఉండదు కాబట్టి సూది గుచ్చగానే సెలైన్‌ను అదే లోపలికి లాక్కోవాలి. లాక్కోకపోతే ఆ సీసా పారేయాలి. 100 యూనిట్ల సీసాలో 2.5 మి.లీ. సెలైన్ కలిపితే 0.1 మి.లీ.కి 4 యూనిట్లు వస్తాయి. అదే సీసాలో 5 మి.లీ. కలిపితే 2 యూనిట్లే. సిరంజి నిండుగా కనిపించినంత మాత్రాన మందు ఎక్కువ పడినట్టు కాదు. అడగాల్సింది 'ఎన్ని యూనిట్లు' అని.

సీసా మీ ఎదుటే తీయమని, పేరు, బ్యాచ్ నంబర్, గడువు తేదీ చూపించమని అడగండి. పొడిగా ఉన్నప్పుడు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కలిపాక 24 గంటల్లో, ఒకరికే వాడమని లేబుల్ చెబుతుంది. చాలా క్లినిక్‌లు ఫ్రిజ్‌లో దాచి ఇంకొన్ని రోజులు, ఇంకొందరికి వాడుతుంటాయి. 'బొటాక్స్ డే' అని ఒకే రోజు అందరినీ పిలిచేది కూడా సీసా వృథా కాకూడదనే, అది తప్పేమీ కాదు. అయితే ఎప్పుడు కలిపారని అడిగితే సూటిగా జవాబు రావాలి. అమెరికాలో 2024 ఏప్రిల్‌లో నకిలీ బొటాక్స్ వల్ల మనుషులు ఆసుపత్రి పాలయ్యారని అక్కడి ఆరోగ్య సంస్థలే హెచ్చరించాయి. ఆన్‌లైన్‌లో సీసా కొని ఇంట్లో వేసుకోవడం, వేయించుకోవడం గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ధర విషయంలో 'నుదురుకి ఇంత' అని గుండుగుత్తగా చెప్పే చోట కంటే యూనిట్ లెక్కన చెప్పే చోటు మేలు. ఎన్ని యూనిట్లు పడతాయో, యూనిట్ ఎంతో తెలిస్తే మొత్తం మీరే గుణించుకోగలరు. గుండుగుత్త ధర బాగా తక్కువగా ఉందంటే డోసు కోసేసే అవకాశం ఉంది. నాలుగు నెలలు ఉండాల్సింది రెండు నెలలకే కరిగిపోతుంది. బ్రాండ్లు మారితే యూనిట్ ధరల్ని పక్కపక్కన పెట్టి పోల్చకండి. కనుబొమ్మల మధ్యకు బొటాక్స్ 20 యూనిట్లయితే డిస్‌పోర్ట్ 50 యూనిట్లు. డిస్‌పోర్ట్ యూనిట్ చౌకగా కనిపించినా బిల్లు దాదాపు ఒకేలా రావచ్చు. జియోమిన్‌కు మాత్రం కనుబొమ్మల మధ్య డోసు 20 యూనిట్లే.

సూది పట్టుకునేది చర్మవైద్యులో ప్లాస్టిక్ సర్జనో కావాలి. బోర్డు మీద ఎం.డి. డి.వి.ఎల్., డి.డి.వి.ఎల్., లేదా ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. వంటి అర్హత ఉందా చూడండి. 'కాస్మెటాలజిస్ట్' అన్న మాట ఒక్కటే ఉంటే దాని వెనక ఎం.బి.బి.ఎస్. కూడా ఉండకపోవచ్చు. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టర్‌లో పేరు వెతికితే రెండు నిమిషాల పని. ఏమైనా తేడా వస్తే మళ్లీ కలిసేది ఆ డాక్టర్‌నే కదా, అందుకే రెండు వారాల తర్వాత చూపించుకోవడానికి విడిగా ఫీజు ఉందా, సరిచేసే సూదికి డబ్బు తీసుకుంటారా అన్నది ముందే తేల్చుకోండి.

ఎవరు వద్దనుకోవాలి

గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవాలి. మయస్తీనియా గ్రేవిస్, లాంబర్ట్-ఈటన్, ఏఎల్ఎస్ లాంటి నరాలు-కండరాల జబ్బులున్నవాళ్లు డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. వాళ్లలో చిన్న డోసు కూడా మింగడం, ఊపిరి తీసుకోవడం మీద పడవచ్చు. సూది పడే చోట కురుపు, ఇన్ఫెక్షన్ ఉంటే తగ్గేదాకా ఆగాలి. జెంటమైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు నడుస్తుంటే అవి టాక్సిన్ ప్రభావాన్ని పెంచుతాయి. ఆవుపాల ప్రోటీన్‌కు అలర్జీ ఉన్నవాళ్లకు డిస్‌పోర్ట్ పనికిరాదు. బొటాక్స్, డిస్‌పోర్ట్, జియోమిన్ మూడిట్లోనూ మనిషి రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్ ఉంటుంది. ఆచారరీత్యా అభ్యంతరం ఉన్నవాళ్లు ఈ విషయం తెలుసుకునే నిర్ణయించుకోవాలి.

కమిలిపోవడం తగ్గాలంటే వారం ముందు నుంచి ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, చేపనూనె, విటమిన్ ఇ మానేయండి, ముందు రోజు మద్యం వద్దు. గుండెకు, పక్షవాతానికి వాడే ఆస్పిరిన్‌ను, రక్తం పలచన చేసే మాత్రల్ని మాత్రం సొంతంగా ఆపకండి. చిన్న కమిలిన మచ్చ కోసం గుండెను పందెం కాయడం తెలివైన పని కాదు.

ఆ రోజు

మేకప్, బొట్టు తుడిచేసి, స్పిరిట్‌తో శుభ్రం చేస్తారు. ముఖం ప్రశాంతంగా ఉన్నప్పుడు, ముడిచినప్పుడు ఫొటోలు తీయాలి. తీయకపోతే మీ ఫోన్‌లో మీరే తీసుకోండి, రెండు వారాల తర్వాత అదే మీకు ఆధారం. డాక్టర్ మిమ్మల్ని కూర్చోబెట్టి ముఖం కదిలిస్తూ గుర్తులు పెడతారు. సూది ఇన్సులిన్ సూదంత సన్నం. చీమ కుట్టినంత చురుకు ఉంటుంది, కనుబొమ్మల మధ్య కాస్త ఎక్కువ. ఐసు పెడితే చాలామందికి సరిపోతుంది. మత్తు క్రీము కావాలంటే దానికి అరగంటకు పైగా పడుతుంది. సూదులకు పది నిమిషాలు చాలు.

లేచి అద్దం చూస్తే దోమ కుట్టినట్టు చిన్న దద్దుర్లు కనిపిస్తాయి. అరగంటలో అణిగిపోతాయి. ఒకటి రెండు చోట్ల రక్తపు చుక్క రావచ్చు, దూదితో మెల్లగా అద్దాలి, రుద్దకూడదు.

తొలి నాలుగు గంటలు పడుకోకండి, ముందుకు వంగే పనులు పెట్టుకోకండి. ఆ రోజంతా జిమ్, పరుగు, శీర్షాసనం, ఆవిరి స్నానం, మద్యం వద్దు. ఈ నియమాలకు గట్టి అధ్యయనాల బలం తక్కువే అయినా పాటించడానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు. అసలు పట్టించుకోవాల్సింది ఒత్తిడినీ రుద్దడాన్నీ. బిగుతు హెల్మెట్ సరిగ్గా నుదుటి మీదే నొక్కుతుంది కాబట్టి ఆ రోజు బండి వదిలేసి ఆటోలోనో కారులోనో వెళ్లండి, హెల్మెట్ లేకుండా బండి నడపమని అర్థం కాదు. స్టిక్కర్ బొట్టు నొక్కి పెట్టడం మరునాటికి, ఐబ్రో థ్రెడింగ్ రెండు మూడు రోజుల తర్వాతికి వాయిదా వేయండి. ఫేషియల్, తలకు నూనె పట్టించి గట్టిగా మర్దన చేయించుకోవడం వారం పైన పెట్టుకోండి. తలనొప్పి వస్తే పారాసెటమాల్ చాలు. వంట, ఆఫీసు, మామూలు నడక అన్నీ చేసుకోవచ్చు.

పద్నాలుగు రోజులు

మొదటి రోజు ఏమీ తేడా ఉండదు. రెండు మూడు రోజులకు ముడిచినప్పుడు బిగువు తగ్గినట్టు తెలుస్తుంది. ఒక పక్క ముందు, ఇంకో పక్క తర్వాత పట్టడం మామూలే, ఐదో రోజున కనుబొమ్మలు సమంగా లేవని క్లినిక్‌కి పరుగెత్తకండి. పూర్తి ఫలితం రెండు వారాలకు. ఏమైనా కలపాలన్నా, సరిచేయాలన్నా అప్పుడే. అంతకు ముందే కలిపితే, ఇంకా పట్టని మందు మీద మరో మోతాదు పడి అతి అవుతుంది.

సర్దుబాటుకు సులభంగా లొంగే లోపం ఒకటుంది. కనుబొమ్మ బయటి కొస విల్లులా పైకి లేచి, ఎప్పుడూ అనుమానంగా చూస్తున్నట్టు కనిపించడం. నుదుటి మధ్య భాగం నిద్రపోయి పక్కలు మెలకువగా ఉండటం దీనికి కారణం. లేచిన చోట పైన ఒకటి రెండు యూనిట్లు వేస్తే కొన్ని రోజుల్లో దిగుతుంది.

కనుబొమ్మలు మొత్తంగా కిందికి దిగి బరువనిపించడం నుదుటికి మోతాదు ఎక్కువైనప్పుడో, మరీ కిందుగా వేసినప్పుడో వస్తుంది. దీనికి తిరుగు మందు లేదు. ఫిల్లర్లను కరిగించే ఇంజెక్షన్ ఉంది గానీ బొటాక్స్‌ను కరిగించేది లేదు. ప్రభావం తగ్గేదాకా వేచి ఉండటమే.

కనురెప్ప వాలడం వేరే సంగతి. కనుబొమ్మల మధ్య వేసిన మందు కిందికి పాకి, రెప్పను ఎత్తే లెవేటర్ కండరాన్ని తాకితే ఒక కన్ను సగం మూసుకున్నట్టు అవుతుంది. పక్క పోట్లు ఎముక అంచుకు కనీసం ఒక సెంటీమీటరు పైన ఉండాలని లేబుల్ చెప్పేది దీని కోసమే. తేడా పోల్చుకోవడానికి కనుబొమ్మను వేలితో మామూలు ఎత్తుకు లేపండి. కన్ను తెరుచుకున్నట్టు కనిపిస్తే దిగింది కనుబొమ్మ, అప్పటికీ రెప్ప సగం దగ్గరే ఆగితే వాలింది రెప్ప. రెప్ప వాలడం సాధారణంగా కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. ఈలోపు అప్రాక్లోనిడిన్ 0.5 శాతం చుక్కలు రెప్పలోని మరో చిన్న కండరాన్ని ప్రేరేపించి ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎత్తుతాయి. అవి నీటికాసుల జబ్బుకు వాడే చుక్కలు, డాక్టర్ చెప్పకుండా వేసుకోకూడదు.

కమిలిన చోటు వారం పది రోజుల్లో తగ్గుతుంది, మన రంగు చర్మంలో గోధుమ ఛాయ ఇంకొంతకాలం ఉండవచ్చు. దానికి ఎండ తగలకుండా చూసుకోవడమే చికిత్స.

మింగడం కష్టమవడం, మాట ముద్దగా రావడం, రెండుగా కనిపించడం, ఊపిరి ఆడకపోవడం, ఒళ్లంతా నీరసం — వీటిలో ఏది వచ్చినా క్లినిక్ తెరిచేదాకా ఆగకుండా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లి బొటాక్స్ వేయించుకున్నట్టు చెప్పాలి. సౌందర్య డోసుల్లో ఇది అరుదు. అయినా మందు దూరంగా పాకే ప్రమాదం గురించి ఎఫ్‌డీఏ 2009 నుంచి పెట్టె మీద గట్టి హెచ్చరిక వేయిస్తోంది, లక్షణాలు కొన్ని గంటల నుంచి కొన్ని వారాల లోపు ఎప్పుడైనా రావచ్చు.

పెళ్లి ముహూర్తం, విమానం టికెట్టు

పెళ్లికూతురైనా, పెళ్లికూతురి తల్లయినా ముహూర్తానికి నాలుగు వారాల ముందు చేయించుకోవాలి. రెండు వారాలు ఫలితానికి, ఇంకో వారం సర్దుబాటు చేస్తే అది పట్టడానికి, మిగిలింది కమిలిన మచ్చ పోవడానికి. నలుగు పెట్టే రోజుకు, ముఖం రుద్దినా భయం లేనంత దూరం వచ్చేస్తారు. జీవితంలో తొలిసారి అయితే నాలుగు వారాలు కూడా తక్కువే. నాలుగైదు నెలల ముందు ఒకసారి వేయించుకుని మీ ముఖం ఎలా స్పందిస్తుందో చూసుకుని, రెండోసారిది పెళ్లికి అందేలా లెక్కేసుకోండి. వారం ముందు వెళ్లి 'ఏదో ఒకటి చేయండి' అంటే ఒప్పుకోని డాక్టరే మంచి డాక్టర్.

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో మూడు వారాల సెలవు మీద వచ్చేవాళ్లు తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు చేయించుకుంటుంటారు. అలా అయితే పద్నాలుగో రోజున చూపించుకునే వీలే ఉండదు. దిగిన మూడు నాలుగు రోజుల్లోనే పెట్టుకోండి. అక్కడికి వెళ్లాక ఇంకో డాక్టర్ కొనసాగించాలంటే బ్రాండ్, బ్యాచ్ నంబర్, ఎన్ని మి.లీ.లో కలిపారు, ఏ చోట ఎన్ని యూనిట్లు అన్నది కాగితం మీద ఉండాలి. ముఖం బొమ్మ మీద చుక్కలు పెట్టి అంకెలు రాసిన ఆ ఒక్క కాగితం అడిగి తీసుకోండి, ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి.

మళ్లీ వేయించుకోవడానికి కనీసం మూడు నెలల ఎడం ఉండాలి. తరచుగా, పెద్ద మోతాదుల్లో వేయిస్తే ఒంట్లో ప్రతిరోధకాలు తయారై మందు పట్టకపోయే అవకాశం ఉంది. మానేస్తే ముడతలు ఎక్కువవుతాయన్న భయం అక్కర్లేదు, పాత ముఖమే తిరిగి వస్తుంది. కొన్ని నెలలు నున్నటి నుదురు చూసి అలవాటు పడ్డ కంటికి అది ఎక్కువైనట్టు కనిపిస్తుంది, అప్పుడు మొదటి రోజు తీసుకున్న ఫొటోలు తీసి పోల్చుకోండి. రెండోసారికి డోసు అంతే ఉండాలనేమీ లేదు. మొదటిసారి ముఖం బిగదీసినట్టు అనిపించి ఉంటే తగ్గించమనండి, పది వారాలకే కరిగిపోయి ఉంటే ఆ సంగతి చెప్పి, మీ దగ్గరున్న కాగితంలోని అంకెలు ముందు పెట్టి మాట్లాడండి.